పాత చీర కాటా ఎక్కే ముందు

మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో సందుగల నుంచి బయటపడుతున్న పాత బట్టలు - బాగుచేయడమంటే కొత్తగా చేయడం కాదు

"పాత పట్టుచీరలు కొంటాం... జరీ చీరలు కొంటాం... చినిగినా సరే కొంటాం..."

మేడ్చల్, శామీర్‌పేట వైపు పల్లెలకు ఈ కేక కొత్తది కాదు. మగవాళ్లు పనులకు వెళ్లిపోయాక, పొద్దెక్కే వేళకు వాడల్లో వినిపిస్తుంది. భుజాన మూట, చేతిలో చిన్న కాటా. "కట్టేది లేదు, పెట్టేది లేదు. సందుగల వుంచుకుని ఏం జేస్తవమ్మా" అంటాడు వచ్చినవాడు. ఏళ్ల తరబడి అడుగున కదలకుండా పడివున్న చీర ఒకటి బయటికి వస్తుంది. అతను అంచు పట్టి చూస్తాడు. కొంగు విప్పి చూస్తాడు. జరీ అసలుదా, నకిలీదా తేల్చుకుంటాడు. బేరం కుదిరితే చీర మూటలోకి పోతుంది.

ఆ తరువాత ఆ చీరను ఎవరూ కట్టుకోరు. జరీ వున్న అంచునూ, కొంగునూ కత్తిరించి కాలుస్తారు. పట్టు బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. దాన్ని కరిగించి ముద్ద చేస్తారు. ఒక నేతగాడు రోజుల తరబడి మగ్గం మీద కూర్చుని వేసిన పువ్వులు, హంసలు, మామిడి పిందెలు కాసేపట్లో పొయ్యిపాలవుతాయి.

అమ్మినవారిని తప్పుపట్టే మాట కాదు ఇది. ఇంట్లో అవసరం వస్తే చీరేమిటి, పుస్తెలతాడే కుదువకు పోతుంది. కాని చాలా ఇళ్లలో చీర అవసరం కొద్దీ పోవడం లేదు. "చినిగింది గదా, ఇగ దేనికి" అన్న ఒక్క మాటతో పోతోంది. ఆ మాట అన్నివేళలా నిజం కాదు. చిరిగిన బట్టను మరో రెండు మూడు తరాలు నిలబెట్టే విద్య ఒకటి వుంది. అందులో సగం మన పల్లె ఆడవాళ్లకు ముందునుంచీ తెలిసిందే.

ఇళ్లు కూలుతున్నాయి, సందుగలు తెరుచుకుంటున్నాయి

ఈ సంగతి ఈ ప్రాంతంలో ఇప్పుడే పట్టించుకోవలసిన కారణం వుంది. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. అంతకు ముందునుంచే నాగపూర్ రోడ్డు మీద మేడ్చల్, కరీంనగర్ రోడ్డు మీద శామీర్‌పేట నగరానికి దగ్గరవుతూ వచ్చాయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. జినోమ్ వ్యాలీ వచ్చింది. జొన్న, మక్క పండిన చేలల్లో ప్లాట్ల రాళ్లు లేచాయి. పాత పెంకుటిళ్లు కూల్చి స్లాబు ఇళ్లు కడుతున్నారు.

ఇల్లు కూల్చే ముందు సామాను బయట పెట్టాలి. అప్పుడే అటక మీది పాత సందుగ దిగుతుంది. అందులో అవ్వ పెళ్లిచీర వుంటుంది. తాత చుట్టుకున్న తలరుమాలు వుంటుంది. పండుగలకు కట్టిన పట్టుపంచె వుంటుంది. కురుమల ఇళ్లలో నల్లగొర్రె వూలుతో నేసిన గొంగడి వుంటుంది. ఊరి పీర్లకు మొక్కుబడిగా కట్టిన దట్టీలు చావడిలో భద్రపరిచి వుంటాయి. గుళ్లో అమ్మవారికి సమర్పించిన చీరలు వుంటాయి. ఇవి రాజుల బట్టలు కావు. అయినా ఆ కాలపు రంగు, నేత, అంచు, కట్టు ఎలా వుండేవో చెప్పే సాక్ష్యాలు ఇవే. మన పల్లెల్లో పుట్టుకకూ పెళ్లికీ చాలా ఇళ్లలో రాసిన కాగితం లేదు. పెళ్లిచీర మాత్రం వుంది.

మేడ్చల్ పక్కనే గుండ్లపోచంపల్లిలో దుస్తుల తయారీకోసం ప్రత్యేకంగా అపెరల్ పార్కు వెలిసింది. చేనేతకు పేరుపడ్డ భూదాన్ పోచంపల్లి వేరు, ఇది వేరు. ఈ చుట్టుపక్కల కొత్త బట్ట కుట్టే చేతులకు కొదవ లేదు. పాత బట్టను ఎలా పట్టుకోవాలో తెలిసిన చేతులే తక్కువ.

జరీ లెక్క

అసలైన జరీ అంటే వెండి తీగను సాగదీసి, సన్నగా నలగ్గొట్టి, పట్టుదారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పెట్టినది. అందుకే పాత చీర కాటా ఎక్కుతుంది. తరువాతి కాలంలో రాగి తీగ జరీ, ఆపైన ప్లాస్టిక్ జరీ వచ్చాయి. వాటిని కాల్చినా వెండి రాదు గనుక ఆ చీరలు కొనేవాడు పక్కన పెడతాడు. దీని ఫలితం విచిత్రంగా వుంటుంది. మంచి చీరలే ముందు కాలిపోతాయి. నాసిరకం చీరలు మిగులుతాయి.

జరీ నల్లబడితే పాడైపోయిందని చాలామంది అనుకుంటారు. గాలిలో వుండే గంధకపు అంశం వెండికి తగిలి ఆ నలుపు వస్తుంది. కాళ్ల పట్టీలు నల్లబడడం కూడా ఇదే. నలుపు వల్ల జరీ వెంటనే చెడదు. దాన్ని పోగొట్టాలని చింతపండు, నిమ్మరసం, సోడా, పళ్లపొడి పెట్టి రుద్దితేనే చెడుతుంది. పైనున్న బంగారు పూత సన్నటి పొర. రుద్దితే నలుపుతోపాటు పూత కూడా పోతుంది, లోపలి పట్టుదారం తెగుతుంది. పాత జరీకి నలుపు వుంటే వుండనివ్వడమే మేలు.

బట్టను తినేవి ఐదు

పాత బట్ట ఒక్కరోజులో చిరగదు. ఏళ్ల తరబడి లోలోపల బలం పోయి, చివరికి ఒకనాడు పట్టుకోగానే చీలుతుంది. దాన్ని తినేవి ముఖ్యంగా ఐదు.

మొదటిది వెలుగు. ఎండ తగిలితే రంగు పోతుందని అందరికీ తెలుసు. రంగుతోపాటు నూలు బలం కూడా పోతుందని తెలిసినవారు తక్కువ. పట్టు ఇందులో మరీ సుకుమారం. పోయిన రంగు, పోయిన బలం నీడలో పెట్టినంత మాత్రాన తిరిగి రావు. మ్యూజియాల్లో పాత బట్టల మీద పడే వెలుగు 50 లక్సులు దాటకుండా చూస్తారు. ఒక మీటరు దూరంలో వున్న కొవ్వొత్తి ఇచ్చే వెలుగు సుమారు ఒక లక్సు. మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. దండెం మీద ఒక పూట ఎండ తిన్న పాత పట్టుచీర ఎంత నష్టపోతుందో దీన్నిబట్టి లెక్కవేసుకోవచ్చు.

రెండవది తేమ. వానకాలంలో గోడవారగా పెట్టిన సందుగలోకి చెమ్మ ఎక్కుతుంది. బూజు పడుతుంది. మరకలు పడతాయి. ఇనుప సందుగ తుప్పు పడితే ఆ తుప్పు బట్టకు అంటుకుని అక్కడే రంధ్రం చేస్తుంది.

మూడవది పురుగు. చిమ్మట పిల్లపురుగులు ఉన్నినీ, పట్టునూ తింటాయి. నూలుబట్ట జోలికి అంతగా పోవు. కాని గంజిపెట్టిన నూలుబట్టను వెండిరంగు పురుగులు కొరుకుతాయి. గొంగడికి గట్టిదనం కోసం చింతగింజల గంజి పట్టించడం మన దగ్గర ఆనవాయితీ. అందువల్ల గొంగడిని ఏళ్ల తరబడి ముట్టకుండా మూటగట్టి పెట్టడం ఏ రకంగానూ మంచిది కాదు.

నాలుగవది మడత. ఒకే మడత మీద ఇరవై ఏళ్లు పడివున్న చీర ఆ గీత వెంటే చీలుతుంది. జరీ వున్నచోట మరీ తొందరగా చీలుతుంది. తీగ వంగినచోట పట్టు కోసుకుపోతుంది.

ఐదవది రంగులోనే దాగి వున్న శత్రువు. కలంకారీ బట్టల్లో నల్లగీతలకు తుప్పుపట్టిన ఇనుమూ, బెల్లమూ నానబెట్టిన నీళ్లు వాడతారు. కరక్కాయ పట్టించిన బట్ట మీద అది పడగానే నల్లబడుతుంది. ఆ ఇనుమే కాలం గడిచేకొద్దీ నూలును కొరుకుతుంది. అందుకే పాత కలంకారీల్లో మిగతా బట్టంతా గట్టిగా వుండగానే నల్లగీత వున్నచోట పగుళ్లు కనిపిస్తాయి. ఇది చేసినవాడి తప్పు కాదు, ఆ నలుపు గుణమే అంత.

బొంత నేర్పిన పాఠం

ఇక విద్య సంగతి. పాత చీరలు నాలుగు పరచి, ఒకదాని మీద ఒకటి వేసి, దగ్గర దగ్గరగా చిన్న కుట్లు వేసుకుంటూ పోతే బొంత అవుతుంది. పొరల్లో ఏ చీరా సొంతంగా ఒక్క ఏడాది ఆగేది కాదు. బొంతలో చేరాక పదేళ్లు ఆగుతుంది. ఎందుకంటే బరువును ఒక్క పోగు మొయ్యడం లేదు. కింది బట్టా, మధ్య కుట్లూ దాన్ని పంచుకుంటున్నాయి.

పేరున్న మ్యూజియాల్లో పాత బట్టను నిలబెట్టే పద్ధతికి మూలం ఇదే. జీర్ణించిన బట్ట కింద, దాని రంగుకు సరిపడే రంగు అద్దిన పలుచని కొత్త బట్టను పరుస్తారు. చిరిగిన పోగులను తడిమి ఎటు పడుగో, ఎటు పేకో చూసి వాటి వాటి దారిలో సర్దుతారు. తరువాత వెంట్రుకంత సన్నని పట్టుదారంతో, పోగుల మధ్య నుంచి సూది పోనిచ్చి, తెగిన పోగులను కింది బట్టకు పట్టివుంచేలా అడ్డంగా చిన్న చిన్న కుట్లు వేస్తారు. బిగించి లాగరు. బట్ట మరీ జీర్ణించితే పైన కూడా కంటికి కనపడనంత పలుచని పట్టు జాలీ కప్పి, రెంటి మధ్య దాన్ని భద్రం చేస్తారు.

రఫూకూ దీనికీ తేడా వుంది. రఫూ పనివాడు బట్టలో కనపడని చోట, కుట్టు లోపలి నుంచి, అదే బట్ట పోగులు తీస్తాడు. వాటితో రంధ్రాన్ని పడుగు, పేకలుగా మళ్లీ నేస్తాడు. పని బాగా కుదిరితే చిరుగు ఎక్కడ వుండేదో దొరకదు. కట్టుకునే బట్టకు ఇది గొప్ప విద్య. హైదరాబాద్ పాతబస్తీలో రఫూ పనివాళ్లు వున్నారు. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ ఈ పనివాళ్లకు పెట్టింది పేరు; అక్కడివారు కశ్మీరు శాలువాలు రఫూ చేస్తూ దేశమంతా తిరుగుతారు.

కాని నూరేళ్ల బట్టకు రఫూ అన్నివేళలా పనికిరాదు. చుట్టూ వున్న నూలులో పట్టు లేకపోతే, రంధ్రంలో నేసిన కొత్త పోగు పాత పోగును లాగి మరో చోట తెంపుతుంది. నానిన మట్టిగోడకు సిమెంటు పూసినట్టే. అందుకే ఇటువంటి బట్టల పని చేసేవారు మూడు నియమాలు పెట్టుకున్నారు. ఒకటి, వున్నదాన్ని వున్నట్టు నిలబెట్టాలి, లేనిదాన్ని కల్పించరాదు. రెండు, తాము చేసిన పని రేపు మరొకరు బట్టకు దెబ్బ తగలకుండా విప్పగలగాలి. మూడు, ఏం చేశామో రాసిపెట్టాలి, ముందూ తరువాతా ఫొటో తీయాలి.

పదిహేడు లక్షల కుట్లు విప్పారు

ఆ రెండో నియమం ఎంత ముఖ్యమో అమెరికాలో ఒక జెండా కథ చెబుతుంది. 1813లో బాల్టిమోర్ నగరంలో మేరీ పికర్స్‌గిల్ అనే ఆమె కుట్టించిన పెద్ద జెండా అది. ఆ దేశపు జాతీయగీతానికి అదే ప్రేరణ. ఉన్నితో, నూలుతో చేసినది. గుర్తుగా దాచుకోవడానికి జనం ముక్కలు కత్తిరించుకుపోగా జెండా తరిగిపోయింది. 1914లో అమీలియా ఫౌలర్ అనే కుట్టుపని నిపుణురాలు కొంతమంది ఆడవాళ్లతో కలిసి దానికి వెనకవైపు అవిసెనార బట్ట వేసి సుమారు 17 లక్షల కుట్లు వేసింది. ఆ కాలానికి అదే మేలైన పని. జెండా నిలిచింది.

అయితే ఎనభై ఏళ్లు దాటేసరికి ఆ కుట్లూ, ఆ బరువైన బట్టా జెండాను లాగి ఇబ్బందిపెడుతున్నాయని తేలింది. 1998లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ పని మొదలుపెట్టింది. ఆ 17 లక్షల కుట్లనూ ఒక్కొక్కటిగా కత్తిరించి తీశారు. మురికి తొలగించి, తేలికైన పలుచని బట్టను ఆనుగా ఇచ్చారు. ఇప్పుడు ఆ జెండాను వేలాడదీయడం లేదు. మసక వెలుతురులో, కొద్దిగా వాలుగా పడుకోబెట్టి చూపిస్తున్నారు. ఎక్కువ కుట్టడం ఎక్కువ కాపాడడం కాదని ఆ పని నేర్పింది.

మన దేశంలోనూ ఇటువంటి జెండా వుంది. 1947 ఆగస్టు 15న మద్రాసు సెయింట్ జార్జి కోటమీద ఎగరేసిన పట్టు జెండాను అక్కడి కోట మ్యూజియంలో 2013 జనవరి 26 నుంచి జనానికి చూపుతున్నారు. 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. గాలి చొరబడని అద్దాల పెట్టెలో వుంచి, చెమ్మను పీల్చుకోవడానికి గిన్నెల్లో సిలికా జెల్ పెట్టారు. మందుసీసాల్లోనూ, కొత్త చెప్పుల డబ్బాల్లోనూ వచ్చే చిన్న పొట్లాల్లో వుండేది ఇదే.

నగరంలో చూడవలసినవి

శామీర్‌పేట నుంచి బస్సెక్కితే సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్, అక్కడ మెట్రో ఎక్కితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్. దిగి కొంత దూరం నడిస్తే మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దాన్ని దివాన్ దేవిడీలో ప్రారంభించారు. 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. అక్కడ బట్టలకు ప్రత్యేకంగా ఒక విభాగం వుంది. వస్తువులు చెడిపోకుండా చూడడానికి రసాయనిక సంరక్షణశాల కూడా వుంది. పిల్లలను తీసుకువెళ్లేవారు గడియారం గంట కొట్టడం చూసి వచ్చేస్తారు. బట్టల గదిలో దీపాలు ఎందుకు మసకగా వున్నాయో పిల్లలకు చెప్పడం మరువరాదు.

అక్కడికి దగ్గరలోనే పురానీ హవేలీలో నిజాం మ్యూజియం వుంది. 1869 నుంచి 1911 దాకా ఏలిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ బట్టల అల్మారా అక్కడ చూడవచ్చు. ఆ భవనంలో ఒక పక్క పొడవునా, రెండంతస్తులుగా, చేత్తో తిప్పే కర్ర లిఫ్టుతో కట్టినది. కట్టిన బట్ట మళ్లీ కట్టేవాడు కాదని ఆ ప్రభువు గురించి చెప్పుకుంటారు. అంత అల్మారా కట్టించుకున్నవారి పట్టుబట్టనైనా వెలుగు, చెమ్మ, పురుగు విడిచిపెట్టవు. అవి సందుగనూ, అల్మారానూ వేరుచేసి చూడవు. ఈ రెండు మ్యూజియాలకూ శుక్రవారం సెలవు.

పాత బట్ట మిగిలితే ఏం లాభమని అడిగేవారికి సురయ్యా హసన్ బోస్ జీవితమే జవాబు. 1928లో పుట్టి 2021లో కన్నుమూసిన ఆమె, హైదరాబాద్‌లో దర్గా హుస్సేన్ షావలీ దగ్గర మగ్గాలు పెట్టించి హిమ్రూ, మష్రూ, పైఠణీ, జామావార్ నేతలకు మళ్లీ ప్రాణం పోశారు. హిమ్రూ అంటే నూలు పడుగు మీద పట్టు పేకతో పువ్వులు తేల్చిన బట్ట. మష్రూ పైకి పట్టు, ఒంటికి తగిలేవైపు నూలు. పాత బట్టల్లోని నమూనాలు చూసి వాటిని మళ్లీ నేయించారు. భర్తలు పోయిన ఆడవాళ్లకు నేత నేర్పి బతుకు చూపారు. పాత ముక్క ఒకటి మిగలడం వల్ల కొత్త బట్ట పుట్టింది, దానితో కొన్ని ఇళ్లలో పొయ్యి వెలిగింది. విత్తనాల వడ్లు దంచుకు తినకూడదని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. పాత నేత కూడా విత్తనం వంటిదే.

నల్లగొండ ప్రాంతపు పుట్టపాక తేలియా రుమాలు సంగతీ ఇంతే. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదా, నూనే కలిపి నూలుకు పట్టించి రంగులద్దే ఆ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాతల నాటి ఎర్ర, నల్ల గళ్ల రుమాలు ఇంట్లో కనపడి, అది నూనె వాసన వేస్తే జిడ్డనుకుని సోడాలో ఉడకబెట్టకుండా తెలిసినవారికి చూపాలి.

ఇంట్లో చేసుకోగలిగినవి

పెద్ద ఖర్చు లేకుండా ఇంట్లో చేసుకోగలిగిన పనులు చాలా వున్నాయి.

సందుగ దించగానే చీరను విదిలించవద్దు. కొస పట్టి లాగవద్దు. పరిచిన తెల్లటి నూలుబట్ట మీదికి రెండు చేతుల మీద ఎత్తి పెట్టాలి. ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి. జరీకి తట్టుకుంటే పోగు లేస్తుంది.

దుమ్ము వుంటే మెత్తని కుంచెతో, పడుగు వెంబడి మెల్లగా తుడవాలి. ఉతకడం అన్నిటికన్నా చివరి మాట. పాత రంగులు నీళ్లు తగిలితే కారుతాయి. ఉతికి తీరాలంటే ముందు కనపడని మూల ఒక చుక్క నీళ్లు వేసి తెల్ల దూది అద్ది చూడాలి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపాలి. మన బోరునీళ్లలో వుండే ఉప్పు ఆరిన తరువాత పోగుల్లోనే గరుకుగా మిగులుతుంది. మ్యూజియంవారు డిస్టిల్డ్ వాటర్ వంటి శుద్ధి చేసిన నీళ్లే వాడతారు. నానిన పట్టును పిండరాదు, దండెం మీద వేయరాదు. తడిసిన బరువే దాన్ని చీలుస్తుంది.

మడత పెట్టేకన్నా చుట్టడం మేలు. లావుపాటి గొట్టం మీద ఉతికిన తెల్లటి నూలుబట్ట చుట్టి, దానిపై చీరను వదులుగా, ముడతలు లేకుండా చుట్టాలి. పైన మరో నూలుబట్ట కప్పాలి. మడతే పెట్టాలనుకుంటే మడత లోపల నూలుబట్టను చుట్టగా పెట్టి వంపు మెత్తబడేలా చూడాలి. రెండు మూడు నెలలకొకసారి మడత మార్చాలి.

ప్లాస్టిక్ సంచిలో మూసిపెట్టవద్దు. చెమ్మ లోపలే వుండిపోతుంది. వార్తాపత్రిక చుట్టవద్దు. ఆ కాగితంలోని ఆమ్లం బట్టను పసుపుపచ్చగా చేస్తుంది, సిరా అంటుకుంటుంది. కలరా ఉండలు జరీకీ, పట్టుకూ తగలనివ్వరాదు. వేపాకు పెట్టాలనుకుంటే బాగా ఎండబెట్టి, గుడ్డమూటలో కట్టి ఒక మూల పెట్టాలి. పచ్చి ఆకు మరక చేస్తుంది. సందుగను గోడకు ఆనించకుండా, రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. వానలు వెనకబట్టాక ఒకరోజు నీడలో గాలికి తెరిచి పెట్టాలి.

గొంగడికి వేరే పద్ధతి. రంగు అద్దని నల్ల ఉన్ని గనుక అప్పుడప్పుడు బయటవేసి బాగా దులపవచ్చు. పురుగు పట్టినట్టు కనిపిస్తే మిగతా బట్టల నుంచి వెంటనే వేరుచేయాలి. మ్యూజియాల్లో ఇటువంటి వాటిని గట్టిగా మూసిన సంచిలో పెట్టి, సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి చల్లబరిచిన యంత్రంలో వారం, రెండు వారాలు వుంచుతారు. మందు చల్లకుండానే పురుగూ, గుడ్డూ చస్తాయి.

చిరుగు చిన్నదైతే జిగురు, టేపు, ఇస్త్రీతో అంటించే బట్ట వాడవద్దు. ఆ జిగురు ముదిరి గట్టిపడి తరువాత ఎవరూ తీయలేరు. ఆ చోట కింద మెత్తని నూలుబట్ట ఆనుగా పెట్టి కదలకుండా చుట్టి వుంచితే చాలు. బాగుచేయించాలనుకుంటే రఫూ పనివాడికి ఇచ్చే ముందు ఫొటో తీసుకోవాలి. పోగు ఎక్కడినుంచి తీస్తాడో, బట్ట ఎక్కడైనా కత్తిరిస్తాడా అడగాలి. ముందు ఒక చిన్న చిరుగు చేయించి చూసి తరువాత మిగతాది ఇవ్వాలి. మరీ జీర్ణించిన దాన్ని రఫూకు ఇవ్వక, సాలార్‌జంగ్ వంటి మ్యూజియంవారికి చూపి సలహా అడగడం మంచిది. ఇటువంటి పురావస్తువుల సంరక్షణకు దేశం మొత్తానికి 1976లో లక్నోలో ఒక జాతీయ పరిశోధనశాల ఏర్పడింది.

ఒక కాగితం ముక్క

అన్నిటికన్నా చవకైన మరమ్మతు ఒకటి వుంది. అది రాత. "ఇది ఫలానా అవ్వ పెళ్లిచీర, పెళ్లి ఫలానా ఊళ్లో, ఫలానా ఏట, కొన్నది ఫలానా చోట" అని ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి, బట్టకు గుచ్చకుండా చుట్టతోపాటు పెట్టాలి. పెన్నుసిరా కారుతుంది, పెన్సిలు కారదు. పిన్నులు తుప్పుపడతాయి. ఇంట్లో పెద్దలు వుండగానే ఈ పని చేయాలి. వారు పోయాక చీర మిగిలినా కథ మిగలదు. కథ లేని చీర కాటా మీదికి తొందరగా ఎక్కుతుంది.

చావడిలోని దట్టీలు, గుళ్లోని పాత వస్త్రాలు ఒకరి సొత్తు కావు. ఊరి పెద్దలు కూర్చుని ఏవేవి వున్నాయో ఒక పుస్తకంలో రాయించుకుంటే, చెమ్మ తగలని పెట్టె ఒకటి చేయించుకుంటే సరిపోతుంది. పాతవి మంచి ధరకు అడిగేవారు వస్తే తొందరపడకూడదు. నూరేళ్లు దాటిన కళావస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. వాటిని ప్రయివేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం.

ప్రతి పాత గుడ్డనూ దాచిపెట్టమని ఎవరూ చెప్పరు. ఇల్లన్నాక చీరలు చిరుగుతాయి, బొంతలవుతాయి, చివరికి మసిగుడ్డలవుతాయి. బట్ట పుట్టింది అందుకే. ఇంటికొక్కటి, ఆ ఇంటి పెద్దామెదో, పెద్దాయనదో, నిలిస్తే చాలు.

రేపు పొద్దెక్కే వేళకు ఆ కేక మళ్లీ వాడలోకి వస్తుంది. కాటా సిద్ధంగానే వుంటుంది. చీరను బయటికి తెచ్చే ముందు ఒకసారి విప్పి, కొంగు చూసి, ఇంట్లో ముసలివాళ్లను ఇది ఎవరిదని అడగడానికి ఎంతోసేపు పట్టదు. అమ్మాలనిపిస్తే ఆ తరువాతైనా అమ్మవచ్చు. కాల్చిన చీరను మాత్రం వెండి ముద్దలోంచి తిరిగి తీయడం ఏ పనివాడి వల్లా కాదు.